సైకిలు చైను ఎప్పుడు ఊడింది? ఎటు ఊడింది?



దసమంతపూర్ చుట్టుపక్కల సైకిలు తొక్కేవారికి చదునైన రోడ్డు దొరకడం అరుదు. కోరాపుట్ పట్నం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. రాయగడ ఉన్నది 200 మీటర్ల పైచిలుకు ఎత్తులోనే. ఈ రెండింటి నడుమ ఉన్నదంతా ఎక్కుడూ దిగుడూను. సంతకు చోళ్ళ బస్తా వేసుకుని వెళ్ళే రైతయినా, బడికి వెళ్ళే ఆడపిల్లయినా, ఊరూరా తిరిగి గిన్నెలో, గుడ్డలో అమ్ముకునే వర్తకుడయినా ఈ ఎత్తుపల్లాల మీదే రోజూ సైకిలు నడపాలి. అలాంటి చోట చైను ఊడిందంటే చేతులకు మసి అంటుకోవడంతో పోదు.

ఎక్కుడులో లేచి నిలబడి, ఒంటి బరువంతా ఒక్క పెడలు మీద వేసి తొక్కుతున్నప్పుడు చైను ఊడిందనుకోండి. కాలు ఒక్కసారిగా గాలిలోకి జారిపోతుంది. రొమ్ము వెళ్ళి హ్యాండిలుకు తగులుతుంది. వెనక బస్తా ఉంటే సైకిలూ మనిషీ కలిసి పక్కకు పడతారు. ఆ పక్కన లోయ ఉందో, వెనకాల లారీ వస్తోందో చెప్పలేం. దిగుడులో గేర్ల సైకిలు చైను ఎగిరి చక్రం పుల్లల్లో ఇరుక్కుంటే చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోవచ్చు. అందుకని ఈ చిన్న విషయాన్ని కాస్త వివరంగా చెప్పుకుందాం.

చైను ఊడితే మనం మామూలుగా ఏం చేస్తాం? పక్కనున్న పుల్ల విరిచి ఎక్కించి, చేతులు గడ్డికి తుడుచుకుని బయలుదేరతాం. రెండో రోజు మళ్ళీ ఊడుతుంది. నాలుగో రోజు కొట్టుకు తీసుకువెళతాం. అక్కడ జరిగే సంభాషణ మీకు తెలిసిందే. "ఏటైంది బావూ?" "సైను ఊడిపోతంది మావా." "లింకు తీసేస్తే సరిపోద్ది." ఒక లింకు తీసి, సుత్తితో రెండు దెబ్బలు వేసి పంపిస్తారు. పది రోజులు బాగానే ఉంటుంది. తరవాత కథ మళ్ళీ మొదటికే వస్తుంది.

ఈ ప్రాంతంలో చలిజ్వరం చూసిన వైద్యుడు మందు రాసే ముందు ఏమడుగుతాడు? జ్వరం ఏ వేళకు వస్తోంది, రోజూ వస్తోందా, రోజు విడిచి రోజు వస్తోందా అని అడుగుతాడు. చైను విషయంలో కూడా పానా చేతికి తీసుకునే ముందు రెండు ప్రశ్నలు అడగాలి. ఎప్పుడు ఊడింది? ఎటు ఊడింది? ఎక్కుడులో బలంగా తొక్కుతున్నప్పుడా, దిగుడులో గతుకుల మీదనా, గేరు మార్చినప్పుడా? లోపలి వైపు, అంటే ఫ్రేము వైపు పడిందా, లేక బయటి వైపు, మన పాదం వైపు పడిందా? ఈ రెండిటికీ జవాబు తెలిస్తే లోపం ఎక్కడుందో సగం తెలిసినట్టే. కాబట్టి ఈసారి ఊడినప్పుడు వెంటనే ఎక్కించేయకండి. ఒక్క క్షణం ఆగి, అది ఎలా పడి ఉందో చూడండి.

అసలు చైను ఎలా పనిచేస్తుందో నాలుగు మాటలు. 1880లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ అనే స్విస్ ఇంజనీరు తయారుచేసిన రోలరు చైనుకు వారసురాలే మన సైకిలు చైను. రెండు పక్కలా పలకలు, వాటి మధ్య పిన్ను, ఆ పిన్ను చుట్టూ తిరిగే చిన్న రోలరు. ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు దూరం సరిగ్గా అర అంగుళం. ముందు పళ్ళచక్రం మీదా, వెనక ఫ్రీవీలు మీదా పళ్ళు కూడా ఆ అర అంగుళం లెక్కకే కోసి ఉంటాయి. ఈ కొలత ఏ కంపెనీ సైకిలుకైనా ఒకటే. అట్లాస్ కంపెనీ 2020లో తన సాహిబాబాద్ కర్మాగారంలో సైకిళ్ళ తయారీ ఆపేసింది. అయినా ఇంట్లో ఉన్న పాత అట్లాస్‌కు ఈనాటికీ చైను దొరుకుతోందంటే ఈ అర అంగుళం పుణ్యమే.

చైను పళ్ళ మీద నిలవాలంటే మూడు సంగతులు కుదరాలి. అది తగినంత బిగువుగా ఉండాలి. ముందు చక్రం, వెనక ఫ్రీవీలు ఒకే గీతలో ఉండాలి. చైను కొలత, పళ్ళ కొలత ఒకదానికొకటి సరిపోవాలి. ఊడిందంటే ఈ మూడింట్లో ఏదో ఒకటి తప్పింది.

మొదట ఒకే గేరు ఉన్న మామూలు సైకిలు సంగతి చూద్దాం. మన పల్లెల్లో ఎక్కువగా ఉన్నవి ఇవే కదా. వీటిలో చైను ఊడటానికి మొదటి కారణం వదులు. సైకిలు స్టాండు వేసి, ముందు చక్రానికీ ఫ్రీవీలుకూ సరిగ్గా మధ్యన చైను కింది వరసను వేలితో పైకి నెట్టండి, కిందికి లాగండి. ఆ కదలిక మొత్తం మీద అర అంగుళం ఉండాలి. అంగుళం దాటిందంటే అది ఊడటానికి సిద్ధంగా ఉందని అర్థం. ఇక్కడ ఒక కిటుకు ఉంది. పళ్ళచక్రాలు ఏవీ నూటికి నూరుపాళ్ళు గుండ్రంగా ఉండవు. పెడలు తిప్పుతూ నాలుగైదు చోట్ల ఇదే పరీక్ష చేయండి. ఒక చోట బిగువుగా, ఒక చోట వదులుగా కనిపిస్తుంది. అన్నిటికంటే బిగువైన చోట అర అంగుళం కదలాలి. వదులుగా ఉన్న చోట కొలిచి బిగించేస్తే, బిగువైన చోట చైను తీగలా లాక్కుపోయి ఇరుసుల గోళీలను తినేస్తుంది. తొక్కేవాడికి సైకిలు బరువెక్కినట్టు అనిపిస్తుంది గాని కారణం తెలియదు.

ఆ వదులు ఎక్కడి నుంచి వచ్చింది? చాలాసార్లు చక్రం ముందుకు జరిగి ఉంటుంది. ఎక్కుడులో చైను మీద ఎంత లాగుడు పడుతుందో ఒక లెక్క చెబుతాను. 60 కిలోల మనిషి పెడలు మీద నిలబడ్డాడు. పెడలు చేయి పొడవు ఆరున్నర అంగుళాలు. 44 పళ్ళున్న ముందు చక్రంలో మధ్య నుంచి చైను దాకా ఉన్నది మూడున్నర అంగుళాలే. అంటే ఆ మనిషి బరువు చైను దగ్గరకు వచ్చేసరికి సుమారు 110 కిలోల లాగుడు అవుతుంది. అదంతా వెనక చక్రం కుడివైపు ఇరుసు మీదే పడుతుంది. కుడివైపు నట్టు ఏమాత్రం వదులుగా ఉన్నా ఇరుసు ఆ పక్క గాడిలో ముందుకు జరిగి, చక్రం ఏటవాలుగా తిరుగుతుంది. దీన్ని పట్టుకోవడం చాలా తేలిక. చక్రం కుడిపక్క ముందుకు జరిగితే టైరు ముందు అంచు ఎడమవైపుకు పోతుంది. ఎడమ ఫోర్కు లోపలి వైపున టైరు రాసుకున్న నల్లటి గీత కనబడితే ఇక అనుమానం అక్కర్లేదు.

సరిచేయడానికి రెండు పక్కలా నట్లు వదులు చేసి చక్రాన్ని వెనక్కి లాగండి. కుడివైపు నట్టును సగం బిగించి, టైరును ఫోర్కుకు సరిగ్గా మధ్యకు తెచ్చి, అప్పుడు ఎడమ నట్టు బిగించండి. తరవాత కుడిదీ ఎడమదీ మార్చి మార్చి పూర్తిగా బిగించండి. నట్టు కింద వాషరు ఉందో లేదో చూసుకోండి. అరిగిన వాషరు, పళ్ళు పోయిన నట్టు, వీటి వల్లే మళ్ళీ మళ్ళీ జరుగుతూ ఉంటుంది. ఇంకొక్క మాట. చక్రం వెనక్కి జరిగితే వెనక బ్రేకు కట్టెలకూ రిమ్ముకూ మధ్య దూరం మారిపోతుంది. చైను బిగించి బ్రేకు చూసుకోకుండా ఘాట్ రోడ్డు దిగడం కంటే వదులు చైనుతో నడిచి వెళ్ళడం మేలు.

చక్రాన్ని గాడి చివరిదాకా లాగినా ఇంకా వదులుగానే ఉందా? అయితే చైను అరిగింది. చైను సాగింది అంటాం గాని ఇనప పలకలు సాగవు. లోపల పిన్నులూ, అవి తిరిగే బొక్కలూ అరుగుతాయి. ఒక్కొక్క కీలులో మిల్లీమీటరులో ఎనిమిదో వంతు అరిగినా 24 కీళ్ళు కలిసేసరికి 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. దీన్ని కొలవడానికి పిల్లల పెట్టెలో ఉండే, 12 అంగుళాల గుర్తులున్న స్కేలు చాలు. చైనును బిగువుగా ఉంచి, స్కేలు సున్నా గుర్తును ఒక పిన్ను మధ్యన పెట్టండి. కొత్త చైనులో 12 అంగుళాల గుర్తు దగ్గర సరిగ్గా ఇంకొక పిన్ను మధ్యభాగం వస్తుంది. ఆ పిన్ను గుర్తు దాటి అంగుళంలో పదహారో వంతు ముందుకు పోయి ఉంటే చైను వయసు మళ్ళిందని తెలుసుకోండి. ఎనిమిదో వంతు, అంటే 3 మిల్లీమీటర్లు దాటితే ఆ చైను పని అయిపోయింది. మళ్ళీ చెబుతాను, రాసుకునేవారు రాసుకోండి. 12 అంగుళాలకు సరిపోతే మంచిది. పదహారో వంతు ఎక్కువైతే జాగ్రత్త. ఎనిమిదో వంతు ఎక్కువైతే మార్చాలి.

లింకు తీసేసే వైద్యం మీద నాకు నమ్మకం ఎందుకు లేదో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. లింకు తీస్తే పొడవు తగ్గుతుంది, వదులు పోతుంది. కాని మిగిలిన లింకుల్లో ఒక్కొక్కటీ అర అంగుళం కంటే పొడుగ్గానే ఉంటుంది కదా. అది పళ్ళ సందుల్లో అడుగుదాకా కూర్చోదు. బలంగా తొక్కినప్పుడు పన్ను మీదకు పాకుతుంది, జారుతుంది. పైగా తాను అరిగింది చాలక పళ్ళను కూడా అరగదీస్తుంది. అరిగిన పళ్ళు చూస్తే తెలుస్తాయి. రెండు పక్కలా సమానంగా ఉండవలసిన పన్ను కొడవలి మొనలా ఒక వైపుకు వంగి ఉంటుంది. ఆ దశ వచ్చాక కొత్త చైను ఒక్కటే వేసినా లాభం లేదు. కొత్త చైను అర అంగుళం, పళ్ళు మరొక కొలత. ఎక్కుడులో టకటకమని దాటుకుంటూ పోతుంది. అప్పుడు చైనుతోపాటు ఫ్రీవీలు కూడా మార్చాలి. ఖర్చు అనిపిస్తుంది, నిజమే. కాని చైనును పదహారో వంతు దగ్గరే మార్చి ఉంటే ఫ్రీవీలు మిగిలేది.

ఇక రెండో సంగతి, గీత. సైకిలు వెనక కూర్చుని ఒక కన్ను మూసి, ఫ్రీవీలు మీదుగా ముందు చక్రం వైపు చూడండి. చైను నాగలి చాలులా తిన్నగా వెళ్ళాలి. పక్కకు వాలి ఉందంటే ఏదో వంకర ఉన్నట్టే. ముందు పళ్ళచక్రం వంకర తెలుసుకోవడానికి ఒక మేకును ఫోర్కుకు ఆనించి, మొన పళ్ళకు దాదాపు తగిలేలా పట్టుకుని, పెడలు నెమ్మదిగా తిప్పండి. ఒక చోట తగిలి, ఒక చోట దూరంగా పోతే చక్రం వంగింది. సైకిలు కుడివైపుకు పడినప్పుడు ఇలా జరుగుతుంది. బస్సు మీద కట్టేసి తెచ్చినప్పుడు కూడా జరుగుతుంది. కొట్టులో సరిచేస్తారు. పెడలు చేతిని పట్టుకుని సైకిలుకు అడ్డంగా ఊపి చూడండి. మొత్తం ఇరుసు లోపల కదులుతుంటే గోళీల కప్పు వదులైంది. ఇరుసు కదలకుండా చేయి ఒక్కటే కదులుతుంటే కాటరు పిన్ను వదులైంది. వెనక చక్రం వేగంగా తిప్పి వదిలితే ఫ్రీవీలు కల్లు తాగినవాడిలా ఊగుతుంటే ఇరుసైనా వంగి ఉంటుంది, ఫ్రీవీలు లోపలి గోళీలైనా పోయి ఉంటాయి.

సంతరోజు బరువులు మోసే సైకిళ్ళలో ఈ ఇరుసు వంగడం మామూలే. క్యారేజి మీద బస్తా, దాని మీద మరో మూట. గోతిలో పడిన ప్రతిసారీ ఆ బరువు ఇరుసు మీద సమ్మెటలా పడుతుంది. ఇరుసు వంగిన సైకిలుకు ఎన్ని కొత్త చైన్లు వేసినా అవి ఊడుతూనే ఉంటాయి. పెడలు వెనక్కి నెమ్మదిగా తిప్పుతూ చైనును కూడా గమనించండి. ఏదైనా ఒక లింకు ఫ్రీవీలు దాటాక తిన్నబడకుండా మోకాలు వంచినట్టు ఉండిపోతే అక్కడ తుప్పు పట్టి బిగుసుకుంది. ఆ ఒక్క లింకు చాలు, తిరిగి వచ్చిన ప్రతిసారీ చైనును పళ్ళ మీది నుంచి ఎగరగొట్టడానికి. ఒక చుక్క నూనె వేసి, ఆ లింకును రెండు చేతులతో పక్కలకు కాస్త వంచి వదిలితే చాలాసార్లు వదులవుతుంది.

ఆడపిల్లల సైకిళ్ళలో ఇంకొక కారణం కూడా చూస్తాం. చైను కవరు చప్పుడు చేస్తోందని పీకి పారేస్తారు. ఆ తరవాత ఓణీ చెంగో, చున్నీ కొసో చైనులో పడుతుంది. గుడ్డ చిరగడం ఒక నష్టం, చైను ఊడటం మరొకటి, పిల్ల మెడకు బిగుసుకుంటే అది మాటల్లో చెప్పేది కాదు. చప్పుడు చేసే కవరుకు కావలసింది ఒక్క స్క్రూ. దాన్ని తీసేయకండి.

మన ఎర్రమట్టి గురించి చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తికాదు. వేసవిలో దుమ్ముగా లేస్తుంది, జూన్‌లో వానలు పడగానే బురదగా అంటుకుంటుంది. ఆ మట్టిలో ఉండే సన్నటి ఇసక రేణువులు నూనెతో కలిస్తే కత్తులు సానపట్టే ముద్దలాంటిది తయారవుతుంది. చైనుకు దట్టంగా గ్రీజు పూసేవారు, లారీ ఇంజను నుంచి తీసిన నల్ల నూనె పోసేవారు చైనుకు మేలు చేస్తున్నామనుకుంటారు. నిజానికి మట్టిని పట్టి ఉంచే జిగురు పూస్తున్నారు. కొబ్బరినూనె మన చలికాలపు తెల్లవారుజామున గడ్డకడుతుంది. అదీ పనికిరాదు. కిరసనాయిలులో ముంచిన గుడ్డతో చైనును తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, కుట్టుమిషను నూనెలాంటి పల్చటి నూనె ఒక్కొక్క రోలరు మీద ఒక్కొక్క చుక్క వేయండి. పెడలు పదిసార్లు తిప్పండి. తరవాత పొడి గుడ్డతో పైన ఉన్న నూనెనంతా తుడిచేయండి. నూనె కావలసింది కీలు లోపల, పలకల పైన కాదు. వానకాలంలో వారానికొకసారి, మిగతా రోజుల్లో నెలకొకసారి ఇలా చేస్తే చాలు.

ఇప్పుడు గేర్ల సైకిళ్ళకు వద్దాం. మౌంటెన్ బైకు అని కుర్రాళ్ళు ముచ్చటపడి కొనేది. దీని పుట్టుక కూడా కొండల్లోనే. 1976 అక్టోబరులో అమెరికాలోని కాలిఫోర్నియాలో, మౌంట్ తమల్పాయిస్ దగ్గరి కొండవాలు మీద కొందరు పాత బరువైన సైకిళ్ళతో దిగుడు పందేలు మొదలుపెట్టారు. వెనక్కి తొక్కితే పడే బ్రేకులు అవి. కిందికి వచ్చేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగలు వచ్చేవట. మళ్ళీ గ్రీజు కూరవలసి వచ్చేది గనక ఆ దారికి రీప్యాక్ అనే పేరు పడింది. అటువంటి సైకిళ్ళకు గేర్లు తగిలించి, గట్టి ఫ్రేములు కట్టి తయారుచేసినదే మౌంటెన్ బైకు. 1981లో స్పెషలైజ్డ్ అనే కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో దాన్ని పెద్ద ఎత్తున అమ్మకానికి తెచ్చింది. వాళ్ళు సరదాకు చేసిన పనిని మన కొండల్లో మామూలు సైకిలు మీద బతుకుతెరువు కోసం చేస్తూనే ఉన్నారు, అది వేరే సంగతి.

గేర్ల సైకిలులో చైనును ఒక చక్రం నుంచి మరో చక్రం మీదకు నెట్టే పరికరం ఉంటుంది. దాన్ని డిరైలరు అంటారు. చైనును ఊడదీయడమే దాని ఉద్యోగం. కాకపోతే అది హద్దుల్లో ఊడదీయాలి. ఆ హద్దులను నిర్ణయించేవి దాని మీద ఉండే రెండు చిన్న స్క్రూలు. సాధారణంగా ఒకదాని పక్కన హెచ్ అనీ, మరొకదాని పక్కన ఎల్ అనీ ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. వెనక డిరైలరులో హెచ్ అన్నది బయటి వైపు, చిన్న పళ్ళచక్రం వైపు హద్దు. ఎల్ అన్నది లోపలి వైపు, పెద్ద పళ్ళచక్రం వైపు, పుల్లల వైపు హద్దు. ఇక్కడే మన రెండో ప్రశ్న, ఎటు ఊడింది అన్నది అక్కరకొస్తుంది. వెనక చైను పుల్లల్లోకి పడితే ఎల్ హద్దు తప్పింది. చిన్న చక్రానికీ ఫ్రేముకూ మధ్య పడితే హెచ్ హద్దు తప్పింది. ముందు చైను లోపలికి పడితే ముందు డిరైలరు లోపలి హద్దు, పెడలు చేయి వైపు పడితే బయటి హద్దు. తప్పిన హద్దు స్క్రూను గడియారం ముల్లు తిరిగే వైపు పావు చుట్టు మాత్రమే తిప్పి, వెనక చక్రం లేపి అన్ని గేర్లూ మార్చి చూడాలి. చాలకపోతే మరో పావు. ఒకేసారి రెండు చుట్లు తిప్పితే ఇక అసలు గేరే పడదు.

అయితే స్క్రూ ముట్టుకునే ముందు చూడవలసింది ఒకటుంది. సైకిలు కుడివైపుకు పడిందా? నిన్న బాగా ఉన్న సైకిలు ఈరోజు పుల్లల్లోకి చైను పడేస్తోందంటే స్క్రూ తనంతట తాను తిరిగి ఉండదు. డిరైలరును పట్టి ఉంచే చిన్న కొక్కెం లోపలికి వంగి ఉంటుంది. వెనక నుంచి చూస్తే డిరైలరులోని రెండు చిన్న చక్రాలు, వాటి పైన ఉన్న పళ్ళచక్రం ఒకే నిలువు గీతలో కనబడాలి. కింది చక్రం పుల్లల వైపు వాలి ఉంటే కొక్కెం వంగినట్టే. ఇనపదైతే జాగ్రత్తగా తిన్నగా చేయవచ్చు. అల్యూమినియందైతే ఒకసారి వంచి తీయడంతోనే బలహీనపడుతుంది, మార్చడమే మంచిది. ఇలా వంగిన సైకిలుతో పెద్ద పళ్ళచక్రం మీదకు గేరు వేసి ఎక్కుడు ఎక్కకండి. డిరైలరు పుల్లల్లో చిక్కుకుంటే చక్రమూ, అదీ రెండూ పోతాయి.

దిగుడులో గతుకుల మీద ఊడే చైనుకు మందు వేరు. అక్కడ తొక్కడం ఉండదు గనక కింది వరస వదులై కొట్టుకుంటూ ఉంటుంది. డిరైలరు స్ప్రింగు బలహీనపడినా, చైను పొడుగెక్కువైనా ఇంకా కొట్టుకుంటుంది. దిగుడు మొదలయ్యే ముందే ముందు పళ్ళచక్రాల్లో పెద్దదాని మీదకు చైనును మార్చుకుంటే ఆ వదులు తగ్గుతుంది. ఈ తంటా లేకుండా ఉండటానికి 2011లో షిమానో కంపెనీ డిరైలరు ఊగిపోకుండా పట్టి ఉంచే క్లచ్చును తెచ్చింది. 2012లో శ్రామ్ కంపెనీ ఒక పన్ను సన్నం, ఒక పన్ను వెడల్పుగా ఉండే ముందు చక్రాన్ని తెచ్చింది. వెడల్పు పన్ను చైనులోని వెడల్పు సందును నింపేస్తుంది గనక చైను పక్కకు జారదు. ఇవి ఖరీదైన సైకిళ్ళలో వస్తాయి. చవక సైకిళ్ళలో రేకు నొక్కి చేసిన ముందు చక్రాలు కొన్నప్పుడే ఊగుతుంటాయి. కొనేటప్పుడు ఇందాక చెప్పిన మేకు పరీక్ష కొట్టులోనే చేసి చూసుకోండి. కొట్టువాడు ఏమనుకున్నా ఫరవాలేదు.

గేర్ల సైకిలుకు మామూలు సైకిలు చైను వేయించకండి. అర అంగుళం రెండింటికీ ఒకటే గాని లోపలి వెడల్పు వేరు. మామూలు చైను లోపల అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పు ఉంటుంది. గేర్ల చైను అంతకంటే సన్నం, ముప్పై రెండింట మూడు వంతులు. లావు చైను వేస్తే పక్క చక్రాన్ని రాసుకుంటూ, గేరు గేరుకూ గెంతుతూ ఉంటుంది. అదే విధంగా ముందు పెద్దది, వెనక పెద్దది, లేదా ముందు చిన్నది, వెనక చిన్నది కలిపి తొక్కడం కూడా మంచిది కాదు. చైను అడ్డంగా సాగుతుంది.

దారిలో ఊడితే ఏం చేయాలి? ముందుగా తొక్కడం ఆపండి. ఇరుక్కున్న చైనును బలంగా తొక్కితే వంగేది ఫ్రేమో, పుల్లలో. రెండు బ్రేకులూ నెమ్మదిగా పట్టి, రోడ్డు దిగి పక్కకు రండి. మామూలు సైకిలైతే చైనును ముందుగా ఫ్రీవీలు పళ్ళ మీద పూర్తిగా కూర్చోబెట్టండి. తరవాత ముందు చక్రం కింది భాగాన నాలుగు పళ్ళకు తగిలించి పెడలును వెనక్కి తిప్పండి. చైను దానంతటదే ఎక్కుతుంది. గేర్ల సైకిలైతే డిరైలరును చేత్తో ముందుకు నెడితే చైను వదులవుతుంది, అప్పుడు ఎక్కించడం తేలిక. పక్కన పిల్లలుంటే దూరంగా నిలబెట్టండి. ఒకరు పెడలు తిప్పుతుంటే మరొకరు చైను పట్టుకోవడం వల్లనే వేళ్ళు నలుగుతాయి. పట్టుకునేవారూ తిప్పేవారూ ఒకరే కావాలి. మసి అంటకుండా ఉండాలంటే పక్కన దొరికే అడ్డాకు మడిచి పట్టుకోండి, కాగితం కంటే బాగా పనిచేస్తుంది.

ముగించే ముందు చైను లాకు సంగతి చెబుతాను. మామూలు చైను రెండు కొసలనూ కలిపే లింకు మీద చేప ఆకారంలో ఒక చిన్న క్లిప్పు ఉంటుంది. దానికి ఒక పక్క మూసి, ఒక పక్క తెరిచి ఉంటుంది. మూసిన పక్కను తల అనుకుందాం, తెరిచిన పక్కను తోక అనుకుందాం. చైను పై వరసలో ఉన్నప్పుడు తల హ్యాండిలు వైపు, తోక సీటు వెనక వైపు ఉండాలి. తిరగేసి వేస్తే చైను కవరుకో, రాయికో తోక తగిలినప్పుడు క్లిప్పు ఊడిపోతుంది. అప్పుడు చైను పళ్ళ మీది నుంచి జారడం కాదు, తెగి రోడ్డు మీద పడుతుంది. ఈ సాయంత్రం సైకిలు లోపల పెట్టేటప్పుడు ఆ చేప తల ఎటు ఉందో ఒకసారి చూసుకోండి.